గాలి దారి: ప్రయోగశాలలో ఫ్యూమ్ హుడ్ చరిత్ర, వినియోగం

1. ఉపోద్ఘాతం

రసాయనశాస్త్ర చరిత్రను మూలకాల ఆవిష్కరణల వరుసగా చెప్పుకోవడం పరిపాటి. ఆ ఆవిష్కరణలు జరిగిన గదులలో పరిశోధకులు పీల్చిన గాలికీ ఒక చరిత్ర ఉంది. స్వీడన్ రసాయనవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే (1742–1786) తాను తయారుచేసిన పదార్థాల వాసనను, రుచిని కూడా పరీక్షించేవాడు. హైడ్రోసయనిక్ ఆమ్లం రుచిని సైతం నమోదు చేశాడు. అతడు 43 ఏళ్లకే మరణించడానికి ఆర్సెనిక్, పాదరసం వంటి విషాలతో దీర్ఘకాలం మెలగడం కారణం కావచ్చునని పలువురు భావిస్తారు. ఇంద్రియాలే పరీక్షాసాధనాలైన ఆ దశ నుంచి, గాలి ప్రవాహాన్ని కొలిచి మనిషిని కాపాడే దశకు సాగిన మార్పును ఫ్యూమ్ హుడ్ చరిత్ర తెలుపుతుంది.

2. పొగగొట్టం నుంచి అద్దాల గూటికి

తొలి ప్రయోగశాలలకు వంటింటి పొయ్యే నమూనా. వేడెక్కిన గాలి పైకి పోతూ పొగను వెంట తీసుకుపోతుంది. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ రొటుండా భవనంలో 1820లలో నిర్మించిన రసాయన పొయ్యి ఈ సూత్రం మీదే పనిచేసింది. తరువాత గోడలో మూసివేయబడిన కారణంగా అది 1895 నాటి అగ్నిప్రమాదాన్ని తప్పించుకొని, ఇటీవలి పునరుద్ధరణ పనులలో బయటపడింది.

జర్మనీలోని గీసెన్‌లో యూస్టుస్ ఫన్ లీబిగ్ 1824లో బోధన ఆరంభించినప్పుడు అతని ప్రయోగశాల ఒక పాత సైనిక కావలి భవనం. ప్రమాదకరమైన పనులను వెలుపలి స్తంభాల వసారాలో చేసేవారు. విద్యార్థులు పెరిగి, ఒకే గదిలో పలువురు ఒకేసారి ప్రయోగాలు చేయవలసి రావడంతో వసారా చాలలేదు. 1839లో విస్తరించిన ప్రయోగశాలలో పొగగొట్టానికి కలిపిన అద్దాల గూళ్లు చోటు చేసుకున్నాయి. ఒంటరి పరిశోధన సామూహిక శిక్షణగా మారడమే ఈ సాధనం వ్యాప్తికి ముఖ్య కారణమని చెప్పవచ్చు. 1904లో ప్రారంభమైన డాన్‌జిగ్ (నేటి పోలండ్‌లోని గ్దాన్‌స్క్) సాంకేతిక విద్యాలయంలో పైకీ కిందికీ జరిగే అద్దపు తలుపుతో కూడిన చెక్క హుడ్లు అమర్చారు.

3. కొలతకు లోబడిన గాలి

పొగగొట్టపు లాగుడు వాతావరణాన్ని బట్టి మారుతుంది. విద్యుత్ ఫ్యాన్లు వచ్చాక ప్రవాహం స్థిరపడి కొలతకు లొంగింది. సాధారణంగా హుడ్ ముఖద్వారం వద్ద గాలి వేగం సెకనుకు సుమారు 0.5 మీటరు ఉండాలంటారు. మనిషి నడక వేగం ఇంతకు రెట్టింపు పైనే. కనుక హుడ్ ముందు నుంచి ఎవరైనా వడివడిగా నడిచినా, పక్కన ఫ్యాన్ తిరిగినా, తలుపు తెరిచినా లోపలి ఆవిరులు బయటికి రాగలవు. వేగాన్ని మితిమీరి పెంచినా సుడులు ఏర్పడి రక్షణ తగ్గుతుంది.

వాడకపు నియమాలన్నీ ఈ భౌతిక సత్యం నుంచే పుట్టాయి. పాత్రలను ముఖద్వారానికి కనీసం 15 సెంటీమీటర్లు లోపల ఉంచాలి. అద్దపు తలుపును పనికి వీలైనంత మేరకే ఎత్తాలి. తల లోపలికి పెట్టరాదు. సీసాలు పేర్చి వెనుకనున్న గాలి మార్గాలను మూసివేస్తే హుడ్ అలమరగా మారిపోతుంది. పెర్‌క్లోరిక్ ఆమ్లాన్ని వేడిచేసే పనికి నీటితో కడిగే ఏర్పాటున్న ప్రత్యేక హుడ్ కావాలి. లేకుంటే గొట్టాలలో పేరుకున్న లవణాలు పేలగలవు. ఏటా గాలి వేగాన్ని కొలిపించి, పొగతో ప్రవాహ దిశను పరీక్షించాలి. ఫ్యాన్ శబ్దం వినిపించినంత మాత్రాన గాలి లాగుతున్నట్లు కాదు.

4. ముగింపు

లవణ విశ్లేషణ చేసిన తెలుగు విద్యార్థులకు కిప్ పరికరం, కుళ్లిన గుడ్ల వాసన సుపరిచితం. ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పెరిగినప్పుడు ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. వాసన ఆగిపోయిన క్షణమే ప్రమాదం తీవ్రమైన క్షణం కావచ్చు. షీలే కాలం నాటి ఇంద్రియ విశ్వాసం నేటికీ ప్రాణాంతకమేనని ఈ ఒక్క వాయువు నిరూపిస్తుంది. అందుచేత హుడ్ నిర్వహణను భవన మరమ్మతుల పద్దులో వదిలివేయక, ప్రయోగ పద్ధతిలో తొలి మెట్టుగా బోధించడం అధ్యాపకుల బాధ్యత.