వీలునామాల మీద బతికిన భాష

ఫిన్లాండ్‌లో నవంబరు వచ్చిందంటే కొంతమందికి అది దరఖాస్తుల నెల. స్వీడిష్‌లో రాసే కవులు, పాత ఉత్తరాల కట్టలు విప్పే పరిశోధకులు, ఊరి నాటక సమాజాలవాళ్ళు, గాయకబృందాలవాళ్ళు అందరూ స్వీడిష్ సంస్కృతి నిధికి అర్జీలు పెట్టుకుంటారు. ఏం చేయబోతున్నారు, ఎంత ఖర్చవుతుంది అని ఏ గ్రాంటు ఫారమైనా అడిగేదే. ఇక్కడ వాటి వెనకాల ఇంకో ప్రశ్న ఉంటుంది: దీనివల్ల ఫిన్లాండ్‌లో స్వీడిష్ సంస్కృతికి ఏం మేలు?

మామూలు ప్రశ్నలాగే కనిపిస్తుంది గానీ దాని వెనక నూట ఇరవై ఏళ్ళకి పైబడిన భయం ఒకటుంది.

ఇవాళ ఫిన్లాండ్‌లో స్వీడిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు మూడు లక్షల లోపే. నూటికి ఐదుగురు. వాళ్ళ భాష కోసం ఏటా కోట్ల యూరోలు పంచే ప్రైవేటు నిధులున్నాయి. ఇంత చిన్న సమూహానికి ఇంత డబ్బెక్కడిది?

1809 దాకా ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగం. కచేరీలోనూ కోర్టులోనూ కాలేజీలోనూ స్వీడిషే. ఆ ఏడాది దేశం రష్యా జారు చేతికి పోయినా భాష మారలేదు. జనంలో అత్యధికులు ఫిన్నిష్ మాట్లాడే రైతులు. అయినా చదువుకున్నవాడంటే స్వీడిష్ వచ్చినవాడనే. ఫిన్నిష్‌కి పట్టం కట్టాలని పోరాడిన స్నెల్‌మన్ కూడా తన వాదనంతా స్వీడిష్‌లోనే రాశాడు. ఫిన్లాండ్ జాతీయ గీతాన్ని రూనెబెర్గ్ రాసిందీ స్వీడిష్‌లోనే.

1863లో జారు రెండో అలెగ్జాండర్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు: ఇరవై ఏళ్ళలో ఆఫీసుల్లోనూ కోర్టుల్లోనూ ఫిన్నిష్‌కి సమాన హోదా రావాలి. గడువు ముగిసిన రెండేళ్ళకి, 1885లో, హెల్సింకిలో స్వీడిష్ సాహిత్య సమితి పుట్టింది. అంతకు ఎనిమిదేళ్ళ ముందు పోయిన రూనెబెర్గ్ జ్ఞాపకార్థం పెట్టారు. ఫిన్లాండ్‌లో స్వీడిష్ సంస్కృతి ఎలా పుట్టింది, ఎలా పెరిగింది అన్నదానికి సాక్ష్యాలు సేకరించడం, పరిశోధించడం, అచ్చువేయడం సమితి పని. మనం ఇక్కడివాళ్ళమే అని రుజువు చూపించుకోవలసిన అవసరం వాళ్ళకి అప్పుడే మొదలైంది.

అసలు దెబ్బ 1906లో తగిలింది. అప్పటిదాకా చట్టసభలో ప్రభువులు, మతాధికారులు, పట్టణవాసులు, రైతులు అని నాలుగు వర్గాలుండేవి. ప్రభువుల సభలో, పట్టణవాసుల సభలో స్వీడిష్ వాళ్ళదే పైచేయి. ఆ ఏడాది ఆ ఏర్పాటు రద్దయి ఆడా మగా అందరికీ ఓటు వచ్చింది. ఓటర్ల సంఖ్య దాదాపు పదింతలైంది. అదే ఏడాది స్నెల్‌మన్ నూరో పుట్టినరోజున వేలమంది తమ స్వీడిష్ ఇంటిపేర్లు వదిలి ఫిన్నిష్ పేర్లు పెట్టుకున్నారు. తలలు లెక్కపెట్టే రాజకీయంలో నూటికి పదమూడు మంది ఏం చేయగలరు?

పార్టీ పెట్టుకున్నారు. స్వీడిష్ ప్రజా పార్టీ 1906లోనే పుట్టింది. రెండేళ్ళకి, 1908లో, సంస్కృతి నిధి వచ్చింది. ఆ మూలధనం బాగోగులు చూసే పని సాహిత్య సమితిది. సంఖ్య చెయ్యిజారిపోతోంది గానీ ఆస్తి ఇంకా చేతిలోనే ఉంది. వ్యాపారం, పరిశ్రమ, భూములు చూసుకునే కుటుంబాలు తమ వీలునామాల్లో భాషకీ ఒక వాటా రాయడం మొదలుపెట్టాయి. 1918లో తుర్కులో పుట్టిన స్వీడిష్ విశ్వవిద్యాలయం ఓబో అకాడమీ కూడా దాతల డబ్బుతో లేచిందే. పత్రికాధిపతి ఆమొస్ ఆండెర్‌సొన్ 1940లో కళాసంఘం పెట్టాడు. తర్వాత ఆయన ఆస్తి దానికే చేరింది. హెల్సింకి నడిబొడ్డున 2018లో తెరిచిన ఆమొస్ రెక్స్ మ్యూజియం ఆ చెట్టు కొమ్మే.

ఇక్కడ ఒక చిక్కుంది. ఇదంతా వింటే స్వీడిష్ అంటే దొరల భాష అనిపిస్తుంది. ఫిన్నిష్ జాతీయవాదులు అన్నదీ అదే. కానీ ఒస్ట్రోబోత్నియా తీరంలో, ఆలాండ్ దీవుల్లో, హెల్సింకి చుట్టుపక్కల పల్లెల్లో స్వీడిష్ మాట్లాడినవాళ్ళు రైతులు, జాలర్లు. వాళ్ళ యాస నగరంలో పెద్దమనుషులకి సగం అర్థమయ్యేది కాదు. సమితి స్టైపెండ్లు ఇచ్చి మనుషుల్ని ఆ ఊళ్ళకి పంపింది. వెస్‌మన్ లాంటివాళ్ళు ఊరూరా తిరిగి కథలు, నమ్మకాలు, మాండలిక పదాలు రాసుకొచ్చారు. 1917 నుంచి ఆ జానపద సామగ్రి సంపుటాలుగా రావడం మొదలైంది.

దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. పట్నం పెద్దలకి పల్లె కావలసి వచ్చింది, మేమూ ఈ మట్టివాళ్ళమే అని చెప్పుకోవడానికి. ఆ స్వార్థం ఉంది, కాదనలేం. అయితే ఆ స్వార్థం లేకపోతే ఆ ముసలివాళ్ళ మాటలు వాళ్ళతోనే మట్టిలో కలిసిపోయేవి. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి.

మరి డబ్బు కాపాడలేనిది ఏమిటి? ఎడిత్ సోదెర్‌గ్రాన్ జీవితం చూడండి. రష్యా సరిహద్దు దగ్గర రాయివోలా అనే పల్లెలో క్షయతో బతుకుతూ 1916లో తొలి కవితాసంపుటి తెచ్చింది. ప్రాసా ఛందస్సూ లేని ఆ కవితల్ని అర్థం చేసుకున్నవాళ్ళు తక్కువ, వెక్కిరించినవాళ్ళు ఎక్కువ. రష్యా విప్లవంలో కుటుంబం ఆస్తి ఊడ్చిపెట్టుకుపోయింది. తల్లీ కూతుళ్ళు పేదరికంలో పడ్డారు. 1923లో ముప్ఫై ఒకటో ఏట చనిపోయింది. అప్పటికి సాహిత్య సమితికి దాదాపు నలభై ఏళ్ళు, సంస్కృతి నిధికి పదిహేను. ఇవాళ నార్డిక్ దేశాల ఆధునిక కవిత్వం ఆమె పేరు లేకుండా మొదలవదు. ఆమె కవితలు 1990లో, ఉత్తరాలు 1996లో శాస్త్రీయ పరిష్కరణలుగా అచ్చయ్యాయి. వేసింది ఆ సాహిత్య సమితే.

కమిటీలు ఉన్నదాన్ని గుర్తుపడతాయి. రాబోయేదాన్ని గుర్తుపట్టడం వాటికి కష్టం. సంస్కృతికి ఏం మేలు అన్న ప్రశ్నకి 1916లో సోదెర్‌గ్రాన్ ఏం జవాబు రాసేది? ఆ సంస్కృతి ఎలా ఉండాలో అందరికీ ముందే తెలుసనుకున్న రోజులవి. ఆమె దాన్ని మార్చబోతోందని ఏ గడిలో నింపాలి?

అలాగని ఈ నిధుల్ని తీసిపారేయలేం. 1880లో నూటికి పద్నాలుగు ఉన్న స్వీడిష్ ఇవాళ ఐదుకి వచ్చింది. అంటే డబ్బు ఆ తగ్గుదలని ఆపలేదు. అయితే ఐదు శాతానికి ఒక విశ్వవిద్యాలయం, నాటకశాలలు, ప్రచురణ సంస్థలు మిగిలాయి. 1919 రాజ్యాంగం స్వీడిష్‌ని కూడా జాతీయ భాష అంది, ఆ మాట ఇప్పటికీ చెల్లుతోంది. తోవె యాన్సన్ మూమిన్ కథలు రాసిందీ ఈ భాషలోనే. టొపెలియస్ రచనలు వివరణలతో సహా ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు.

మళ్ళీ నవంబరు వస్తుంది. ఎవరో ఒక అమ్మాయి ఆ ఫారం ముందు కూర్చుంటుంది. తన భాషలో ఎవరూ ఇంకా రాయనిదేదో రాయాలని ఉంటుంది ఆమెకి. ఎప్పుడో పోయినవాళ్ళు రాసిపెట్టిన డబ్బు కోసం, వాళ్ళు ఊహించని పుస్తకం గురించి, వాళ్ళు ఒప్పుకునే మాటల్లో ఒక పేజీ రాసి పంపిస్తుంది.