ఖాళీగా కూర్చున్న ఎక్స్‌పీ, గ్రైండర్‌లా మోగిన ఫ్యాన్

ఈ వారం ఎపిసోడ్‌లో టైమ్‌షీట్ కథ సగంలో ఆపేశా. మిగతా సగం చెప్పాలంటే 1960ల దాకా వెనక్కి పోవాలి, మాటల్లో అంత టైం దొరకలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

2013 డిసెంబర్, జుబైల్ దగ్గర సైట్. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చదివినోణ్ని, కంప్యూటర్ అంటే భయం లేదని టైమ్‌షీట్ల పని కూడా నా నెత్తినే పెట్టారు. హాజరు ఎక్కించే సాఫ్ట్‌వేర్ పాతది, విండోస్ ఎక్స్‌పీ మీద తప్ప నడవదు. పోర్టా క్యాబిన్‌లో ఉన్న డెస్క్‌టాప్ ఏమో విండోస్ 7. అందుకని నాకంటే ముందున్నాయన వర్చువల్‌బాక్స్ వేసి, దాంట్లో ఎక్స్‌పీ పెట్టి పోయాడు. వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటర్. బయటిది హోస్ట్, అంటే ఇంటి ఓనర్. లోపలిది గెస్ట్, కిరాయికున్నోడు. ఇల్లంతా నాదే అని కిరాయిదారు అనుకోవాలి, ఆ నమ్మకం చెడకుండా ఓనర్ చూసుకోవాలి.

నెలాఖరు. అరవై పైచిలుకు మంది ఓవర్‌టైమ్ గంటలు ఎక్కించాలి. మర్నాడు మధ్యాహ్నంలోపు పంపకపోతే ఆ గంటలు వచ్చే నెల జీతంలోకి పోతాయని మా ఆఫీసు మాట. ఎక్స్‌పీ తెరిచిన ఐదు నిమిషాలకే ఫ్యాన్ గ్రైండర్‌లాగ మోగుడు, మౌస్ కదలదు, ఒక్కో పేరు ఎక్కడానికి రెండు మూడు నిమిషాలు. కామారెడ్డి వైపు తమ్ముడొకడు ఆ నెలంతా రాత్రి స్లాబ్ కాస్టింగుల్లోనే ఉన్నాడు, ఇంటికాడ చెల్లె పెండ్లి పెట్టుకున్నడు. క్యాబిన్ తలుపు కాడ నిలబడి, "అన్నా, నా గంటలు ఎక్కినయా?" అని ఇప్పటికి మూడోసారి అడుగుతున్నాడు. "ఎక్కుతున్నయ్ పోరా" అన్నా గానీ, లోపల నాకే గుబులు.

నేను చేసిన మొదటి పని తప్పు పని. మిషను సరిపోవట్లేదేమో అనుకుని, వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో ఎక్స్‌పీకి ఒక ప్రాసెసర్ ఉన్నదాన్ని రెండు చేశా. హోస్ట్‌కి ఉన్నవే రెండు కోర్లు. లోపల పని ఇసుమంత కూడా పెరగలేదు, బయట విండోస్ 7 కూడా నత్తనడక పట్టింది. ఓనర్ ఉండే గది కూడా కిరాయికిచ్చేస్తే ఆయన ఎక్కడ పడుకుంటాడు?

మళ్లీ ఒకటికి తెచ్చి, అప్పుడు టాస్క్ మేనేజర్ రెండుచోట్లా తెరిచా. బయట 50 శాతం చూపిస్తోంది, లోపల 100. మొదట తికమక అయింది. గెస్ట్‌కి ఇచ్చింది రెండు కోర్లలో ఒకటి. దానికి అదే మొత్తం, హోస్ట్‌కి అది సగం. రెండు అంకెలూ నిజమే. నాకు అర్థం కానిది ఇంకోటి: నేను ఏ పనీ చెప్పకుండా చేతులు కట్టుకుని కూర్చున్నా లోపల 100 ఎందుకుంది?

ఈ ప్రశ్న చాలా పాతది. అమెరికాలో కేంబ్రిడ్జ్ ఊళ్లో ఐబీఎం వాళ్ల సైంటిఫిక్ సెంటర్ ఉండేది. 1964 చివర్లో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో అనేవాళ్లు అక్కడ సీపీ-40 అనే సిస్టమ్ మొదలుపెట్టారు, 1967 జనవరికల్లా వాడకంలోకి వచ్చింది. ఒక్క పెద్ద మిషను మీద 14 వర్చువల్ మెషీన్లు. ఆ కాలంలో కంప్యూటర్ అంటే గదంత సామాను, దాని ప్రతి నిమిషానికీ ఖరీదుంది. పంచుకోవడం కుదరాలంటే ఒక్క సంగతి తెలియాలి: ఎవరు పని చేస్తున్నారు, ఎవరు ఊరికే కూర్చున్నారు. ఐబీఎం మిషన్లలో "నాకు పని లేదు, వేచి ఉంటా" అని చెప్పే పద్ధతి ప్రాసెసర్‌లోనే ఉంది. గెస్ట్ ఆ మాట అనగానే పైనున్న కంట్రోల్ ప్రోగ్రామ్ ఆ టైం తీసి ఇంకొకరికి ఇచ్చేది. తర్వాత సీపీ-67, 1972లో వీఎం/370 ఇదే దారిలో వచ్చాయి.

మన డెస్క్‌టాప్ సంగతి వేరు. ఇంటెల్ 8086 చిప్‌లో 1978 నుంచే హాల్ట్ అనే ఆదేశం ఉంది, అంటే పని వచ్చేదాకా ఆగు అని. కానీ డాస్ దాన్ని పట్టించుకోలేదు. కీ నొక్కారా, నొక్కారా అని ఆగకుండా చూస్తూనే ఉండేది. విండోస్ 95 కూడా ఖాళీగా ఉన్నప్పుడు హాల్ట్ వాడలేదు.

ఇది మనకు సైట్ మీద తెలిసిన విషయమే. ట్రాన్సిట్ మిక్సర్ రావాలి. ఒకడు నీడన కూర్చుంటాడు, బండి హారన్ కొట్టగానే లేస్తాడు. ఇంకొకడు నిమిషానికోసారి గేటు దాకా పోయి "వచ్చిందా?" అని చూసొస్తాడు. సాయంత్రానికి ఇద్దరూ పోసిన కాంక్రీట్ ఒకటే. రెండోవాడు మాత్రం చెమటతో తడిసి ఉంటాడు, చూసేవాళ్లకు వాడే కష్టజీవి!

మిషను ఒక్కడిదే అయినన్నాళ్లూ ఈ తిరుగుడు ఎవరికీ పట్టలేదు. 1998లో వీఎంవేర్ కంపెనీ పెట్టి, 1999లో మామూలు పీసీ మీద వర్చువల్ మెషీన్ నడిచే వర్క్‌స్టేషన్ తెచ్చాక బయటపడింది. డాస్, విండోస్ 95 గెస్టులు ఏ పనీ లేకుండానే హోస్ట్ ప్రాసెసర్ మొత్తం మింగేవి. అందుకే ఖాళీ టైంలో హాల్ట్ పంపే రెయిన్, వాటర్‌ఫాల్ లాంటి చిన్న ప్రోగ్రాములు లోపల వేసుకునేవాళ్లు.

లైనక్స్‌లో ఇంకో రకం. దాని గడియారం సెకనుకు 100 సార్లు టిక్‌మనేది. 2003 డిసెంబర్‌లో వచ్చిన 2.6 కెర్నెల్‌లో దాన్ని 1000 చేశారు. మామూలు పీసీకి అది లెక్క కాదు. కానీ ఒకే హోస్ట్ మీద నాలుగు గెస్టులు పడుకుని ఉన్నా సెకనుకు 4000 సార్లు లేపాలి, లేపిన ప్రతిసారీ హోస్ట్‌కి ఖర్చే. 2005లో మామూలుగా 250కి దించారు, 2007లో 2.6.21తో పని లేనప్పుడు టిక్కులే ఆపే పద్ధతి వచ్చింది. 2005, 2006లో ఇంటెల్, ఏఎండీ చిప్పుల్లోనే వర్చువల్ మెషీన్లకు సాయం పెట్టారు. అది బయోస్‌లో ఆఫ్ అయి ఉంటే ఆ కాలపు వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ నడుస్తుంది గానీ, భారం ఎక్కువ. నేను అదీ చూశా, ఆన్‌లోనే ఉంది.

అప్పటికి నాకు ఈ చరిత్ర అంతా తెలియదు, తర్వాత చదువుకున్నదే ఎక్కువ. కానీ అందులోంచి ఒక లెక్క దొరుకుతుంది. లోపల అంకె సున్నా దగ్గరుండి బయట ఎక్కువుంటే, తప్పు టిక్కుల్లోనో, సెట్టింగుల్లోనో, బయోస్‌లోనో వెతకాలి. లోపలే ఎక్కువుంటే లోపలే ఏదో ప్రోగ్రామ్ నములుతున్నట్టు.

మాది రెండో రకం. ఎక్స్‌పీ టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ తింటున్నది మా హాజరు సాఫ్ట్‌వేర్ కాదు, ఎస్‌వీసీహోస్ట్ అనే పేరు. దాని చాటున ఉన్నది విండోస్ అప్‌డేట్. ఆ నెలల్లో ప్రపంచమంతా ఎక్స్‌పీ మిషన్లకు ఇదే రోగం. పన్నెండేళ్ల ఎక్స్‌పీకి అప్‌డేట్ల మీద అప్‌డేట్లు పేరుకుపోయాయి. ఏది దేన్ని రద్దు చేసిందో వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయేది, గొలుసులో ఒక్కో కొంకె చేరినకొద్దీ పని రెట్టింపు. మైక్రోసాఫ్ట్ పాత అప్‌డేట్లను జాబితాలోంచి తీసేసి 2014 జనవరిలో గానీ సరిచేయలేకపోయింది.

నాకు జనవరి దాకా టైం లేదు. సర్వీసెస్‌లోకి పోయి ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆపేశా. అప్‌డేట్లు ఆపడం మంచి అలవాటు కాదు, అందుకే ఆ ఎక్స్‌పీకి నెట్‌వర్క్ కూడా తీసేశా, హాజరు ఎక్కించడానికి దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. నిమిషంలో లోపల అంకె 100 నుంచి 3కి పడింది. ఫ్యాన్ చప్పుడు తగ్గితే బయట జనరేటర్ చప్పుడు వినపడింది. ఫజర్ అజాన్ వేళకు ఆఖరి పేరు ఎక్కింది. ఆ తమ్ముడి గంటలు ఆ నెల జీతంలోనే పడ్డాయి. ఒక్కడికి మాత్రం నిద్రమత్తులో 84 గంటలకు 48 కొట్టా, ఆ మిగతావి మళ్లీ నెలకు గానీ రాలేదు. ఇప్పటికీ కనపడితే గుర్తుచేస్తాడు.

మీ ఆఫీసుల్లో కూడా పాత సాఫ్ట్‌వేర్ కోసం ఇట్లాంటి మిషన్లు చాలానే ఉన్నాయని తెలుసు. ఈమధ్య విండోస్ 10, 11 మీద వర్చువల్‌బాక్స్ కిటికీ కింద ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనపడితే, హోస్ట్‌లో హైపర్-వీ ఆన్‌లో ఉండి చిప్ సాయం నేరుగా అందట్లేదని అర్థం. ముందు అది చూడండి. అప్పటికీ తేలకపోతే లోపలి టాస్క్ మేనేజర్, బయటి టాస్క్ మేనేజర్ రెండూ ఒకేసారి కనపడేట్టు ఫొటో తీసి పంపండి. ఒక్కటే పంపితే నేనేం చెప్పలేను.