పులి లెక్క
‘యాజ్ బ్రేవ్ లైక్ ఏ టైగర్’ అని పిల్లలు రాస్తుంటారు. నారాయణఖేడ్ దగ్గరి కల్హేర్‌లో పులిలా ఉన్నాడనడానికి ‘పులి లెక్క ఉన్నడు’ అంటే చాలు, పోలిక కుదిరినట్టే. ఇంగ్లీషులో ముందు ‘యాజ్’ పెడితే వెనకా ‘యాజ్’ రావాల్సిందే. ‘లైక్’ పెడితే ఆ జత అక్కర్లేదు. ఇంతకీ ఈ లెక్క ఎక్కడిది? సంస్కృతంలో రాయదగినది ‘లేఖ్యం’. అదే ప్రాకృతంలో ‘లెక్ఖ’ అయి, మనకొచ్చేసరికి ‘లెక్క’ అయింది, అంటే పద్దు. పొరుగు కన్నడంలోనూ లెక్క లెక్కే. ‘లెక్కచెయ్యడు’ అన్నప్పుడు అది ఖాతరు. ఒకదాన్ని ఇంకోదాని కింద జమకట్టడంలోంచే తెలంగాణ పోలిక పుట్టిందని నాకనిపిస్తుంది. అదే అర్థంలో అనే ‘పులి వోలె’లోని ‘వోలె’ మాత్రం ‘పోలు’ నుంచి వచ్చిన అచ్చతెలుగు, ‘పోలిక’కు తోబుట్టువు. పంతుళ్లూ, ‘లెక్క’ మోటుమాటని కొట్టెయ్యకండి. దాన్ని ఉంచుతూనే ‘యాజ్’ జత నేర్పండి.