బరువు చెప్పే బలం

కొడకండ్ల నేడు జనగామ జిల్లాలో ఉన్నది. 2016 వరకు అది వరంగల్లు జిల్లాలోనిది. ఆ పాత జిల్లాలోనే పాలంపేట రామప్ప గుడి కలదు. కాకతీయ గణపతిదేవుని కాలమున, 1213లో, రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ ఆలయపు శిఖరములోని ఇటుకలు నీటిపై తేలుతవి. ఇందులో మాయ లేదు. ఘన సెంటీమీటరు నీరు 1 గ్రాము తూగును. ఆ ఇటుక అంతకంటె తక్కువ తూగును. దాని నిండా సన్నని రంధ్రాలు, రంధ్రాల నిండా గాలి. శిఖరం తేలికైతే స్తంభాలకు, పునాదికి ఆ మేరకు భారం తగ్గును.

తేలికదనం అంతటా సుగుణమని కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరు రాతికట్ట ఎత్తు సుమారు 125 మీటర్లు. నీటి తోపుడుకు అది తన బరువుతోనే ఎదురొడ్డి నిలుచును. 100 మీటర్ల లోతున ఆ ఒత్తిడి చదరపు మీటరుకు 100 టన్నులు! అట్టిచోట గుల్లదనం పనికిరాదు.

సాంద్రతకు, బలానికి గల సంబంధాన్ని 1892లో ఫ్రాన్సు ఇంజనీరు రెనే ఫెరె లెక్కకు తెచ్చెను. గచ్చులో నీరు, గాలి ఆక్రమించిన చోటు ఎంత పెరిగితే బలం అంత తగ్గునని ఆయన చూపెను. 1918లో అమెరికాలో డఫ్ అబ్రామ్స్, నీటికి సిమెంటుకు గల నిష్పత్తియే ముఖ్యమనెను. ఇద్దరి మాటా ఒకే దారి: అదనపు నీరు ఆరిపోయి ఖాళీలనే మిగుల్చును. కాంక్రీటు జారుగా ఉండాలని బకెట్టు నీళ్ళు ఎక్కువ పోయించే మేస్త్రీలు నేటికీ ఉన్నారు.

గాలి ఖాళీలు నూటికి 5 పాళ్ళున్నచో బలం సుమారు 30 పాళ్ళు తగ్గును. కనుక తూచవలె. 15 సెంటీమీటర్ల అచ్చులో పోసిన దిమ్మ ఘనపరిమాణం 3,375 ఘన సెంటీమీటర్లు. మామూలు కాంక్రీటు సాంద్రత 2.4 అనుకొన్నచో దిమ్మ 8 కిలోల 100 గ్రాములు తూగవలె. 7 కిలోల 800 గ్రాములే తూగినచో సాంద్రత 2.31, సరిగా కూరలేదనో, పాళ్ళు మారినవనో అనుమానింపవచ్చును. బరువు సరిపోయినంత మాత్రాన సిమెంటు సరిపోయినదని అర్థం కాదు. అందుకే దిమ్మను నలిపి చూచుట కూడ తప్పదు.

కాని ఆ పరీక్షకు 28 రోజులు ఆగవలె. అప్పటికి పై అంతస్తు లేచియుండును. పచ్చి కాంక్రీటును కొలత తెలిసిన పాత్రలో నింపి, కూరి, అంచుకు సమంగా గీచి తూచినచో, అది ఇంకా గట్టిపడకముందే, తీసివేయుటకు వీలున్నప్పుడే, సంగతి తెలియును.