దోహా శివారు ఎక్కడ?

ఎక్కడుంటున్నవ్ అని ఇంటి నుంచి అడిగితే మనమందరం చెప్పే జవాబు ఒక్కటే: దోహాలో. సనయ్యలో ఉండేవాడూ అదే అంటాడు, అల్ వక్రాలో ఉండేవాడూ అదే అంటాడు, యాభై కిలోమీటర్ల అవతల అల్ ఖోర్‌లో ఉండేవాడూ అదే అంటాడు. కాగితం మీద చూస్తే వక్రావాడూ ఖోర్‌వాడూ దోహాలో లేరు. సనయ్య అంటే ఇండస్ట్రియల్ ఏరియా. వక్రాకూ ఖోర్‌కూ వేరే బలదియాలున్నాయి. మరి దోహాకు శివారు ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది? ఈ లెక్క మనకెందుకు అనుకోవద్దు. మన నిద్ర గంటలు దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

మన దగ్గర శివారు అంటే ఊరి చివర, పొలిమేర. రెవెన్యూ లెక్కల్లో శివారు గ్రామం అని కూడా ఉంటుంది. అది పెద్ద ఊరిని అంటిపెట్టుకున్న చిన్న పల్లె. ఇళ్లు వేరు, పేరు వేరు, రికార్డు మాత్రం పెద్ద ఊరిది. ఇవి కాక ఊరూ వాడా అని ఇంకో గీత ఉంది. వాడ దూరమేం కాదు, గట్టిగా పిలిస్తే వినపడుతుంది. అయినా పనికి ఊళ్లోకి రావాలి, పొద్దుగూకితే వాడకు పోవాలి. ఈ మూడు అర్థాలూ దోహాలో కనిపిస్తాయి.

వింతేమిటంటే దోహానే ఒకప్పుడు శివారు పల్లె. సముద్రం ఒడ్డున అల్ బిద్దా అనే పాత ఊరు ఉండేది. 1820ల్లో దాని పక్కన పుట్టిన చిన్న పల్లె దోహా. చేపలు పట్టడం, ముత్యాల కోసం మునగడం, ఇదే బతుకుతెరువు. రెండు ఊళ్లూ పెరిగి ఒకటైపోయాయి. పిల్ల ఊరి పేరు రాజధానికి నిలిచింది. తల్లి ఊరి పేరు ఇవాళ ఒక పేటకు, ఒక పార్కుకు, ఒక మెట్రో స్టేషన్‌కు మిగిలింది.

1939లో దుఖాన్‌లో చమురు పడింది. రెండో ప్రపంచ యుద్ధంతో పని ఆగి, 1949 చివర్లో గానీ ఎగుమతి మొదలు కాలేదు. అప్పటి దోహా అంటే ఇరుకు సందుల ఫరీజ్‌లు. ఫరీజ్ అంటే మన పేటలాంటిది. అల్ అస్మఖ్, అల్ నజాదా, అల్ ఘానిమ్, అల్ జస్రా, ఇలా ఒక్కోదాంట్లో ఒక బంధువర్గం ఉండేది. డబ్బు వచ్చాక, ముఖ్యంగా 1971 స్వాతంత్ర్యం తర్వాత, ఊరు బయటికి పాకింది. ఏ రింగ్, బి రింగ్, సి రింగ్, డి రింగ్ అని రోడ్లు ఒకదాని వెలుపల ఒకటి పడ్డాయి. స్థానిక కుటుంబాలు పాత ఇళ్లు వదిలి మదీనత్ ఖలీఫా, ఘరాఫా, రయ్యాన్ వైపు పెద్ద కాంపౌండ్ ఇళ్లకు మారాయి. వాళ్లు వదిలిన పాత ఇళ్లలోకి కూలీలం వచ్చాం.

అంటే ఆ రోజుల్లో శివారులో ఇంటి ఓనరు, నడి ఊళ్లో కూలీ. గదులు ఇరుకు, గోడలు పాతవి, కానీ గడప దాటితే బజారు. ముషైరిబ్‌లో కహ్రబా వీధి మన సీనియర్లందరికీ గుర్తే. కహ్రబా అంటే కరెంటు. దోహాలో మొదట కరెంటు దీపాలు వచ్చిన వీధి కాబట్టి ఆ పేరు. శుక్రవారం వస్తే ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ వాళ్లతో ఆ వీధులు నిండిపోయేవి. ఊరి మనిషిని కలవాలన్నా, ఇంటికి డబ్బు పంపాలన్నా అక్కడికే పోయేది.

తర్వాత జనం ఎంత వేగంగా పెరిగారో లెక్కలే చెబుతాయి. 1970లో ఖతార్ మొత్తం జనాభా 1,11,133. 2004లో 7,44,029. 2015లో 24,04,776. పదకొండేళ్లలో మూడింతలు దాటింది. అందులో ఎక్కువ మంది మనలాగా పనికి వచ్చినవాళ్లే.

2010లో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి, ముషైరిబ్ పాత పేట తీసేసి కొత్త డౌన్‌టౌన్ కట్టే ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. మొత్తం 31 హెక్టార్లు, మన లెక్కలో 76 ఎకరాల పైచిలుకు. రెండోది, అదే ఏడాది 15వ నంబరు చట్టం. కుటుంబాలుండే నివాస ప్రాంతాల్లో కార్మికుల వసతి పెట్టకూడదన్నది దాని సారం. దాంతో క్యాంపులు సనయ్యకూ, ఇంకా అవతలికీ జరిగాయి. 2015లో సనయ్య పక్కనే లేబర్ సిటీ తెరిచారు. దాన్ని ఆనుకుని ఏషియన్ టౌన్, అందులో షాపులు, సినిమా హాళ్లు, క్రికెట్ స్టేడియం. 2022 వరల్డ్ కప్పు మ్యాచ్‌లను మనవాళ్లు వేల మంది ఆ స్టేడియంలో పెద్ద తెర మీద చూశారు. పాత ఇరుకు గదుల కంటే లేబర్ సిటీ గదులు నయమే, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఈసారి ఊరు తిరగబడింది. నడి ఊరు ఖరీదైంది, మనం శివారుకు వచ్చాం. 2015 జనాభా లెక్కల్లో దేశంలో దాదాపు 60 శాతం మంది లేబర్ క్యాంపుల్లో ఉన్నట్టు తేలింది. సగానికి పైగా జనం ఉండే చోటును శివారు అనవచ్చా అన్నది ఆలోచించాల్సిన మాటే.

సైట్‌లో కొలత మొదలుపెట్టే ముందు బెంచ్‌మార్క్ ఎక్కడుందో చూసుకుంటాం. శివారును కొలవడానికి కూడా ఒక బెంచ్‌మార్క్ కావాలి. బలదియా గీతను పట్టుకుందామంటే అది నిలకడగా ఉండదు. హైదరాబాద్ చూడండి. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. కూకట్‌పల్లి, ఎల్బీనగర్ ఒక్క జీవోతో నగరమయ్యాయి. అక్కడి మనిషి ఇల్లు మారలేదు, అడ్రస్ మారింది. ఇక్కడా అంతే. 2014లో అల్ రయ్యాన్ నుంచి విడదీసి అల్ షహానియాను వేరే బలదియా చేశారు. రోడ్డు మీద పోతుంటే దోహా ఎక్కడ అయిపోయి రయ్యాన్ ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియదు.

కిలోమీటర్లు పట్టుకుందామన్నా కుదరదు. వక్రా దోహాకు దక్షిణాన పదిహేను కిలోమీటర్లు. ముత్యాల కాలంలో దానికదే ఒక ఊరు. 2019 మే నెలలో మెట్రో రెడ్ లైన్ వక్రా దాకా నడిచింది. రెండు రియాళ్లతో అరగంటలో ముషైరిబ్ చేరొచ్చు. ఇప్పుడు వక్రా దోహాకు అసలు సిసలు శివారు. సనయ్య నడి ఊరికి దాదాపు అంతే దూరం. కానీ మెట్రో మూడు లైన్లలో ఏదీ సనయ్య లోపలికి రాదు. దూరం ఒకటే, దగ్గరితనం వేరు.

అందుకని మనలాంటివాళ్లకు సరైన బెంచ్‌మార్క్ ఒక్కటే: బస్సులో పట్టే టైమ్. డ్యూటీ ఆరింటికైతే నాలుగున్నరకు గేటు దగ్గర నిలబడాలి. సాయంత్రం ట్రాఫిక్‌లో ఇంకో గంటన్నర. టైమ్‌షీట్లు నింపేది మనమే కాబట్టి మనకు బాగా తెలుసు, ఆ మూడు గంటలకు అందులో గడి లేదు. 2004 కార్మిక చట్టం 73వ ఆర్టికల్ రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పని అంటుంది. వసతి నుంచి పని చోటుకు రాకపోకల టైమ్ పని గంటల్లోకి రాదని కూడా అదే ఆర్టికల్‌లో ఉంది. క్యాంపు ఇంకో పదిహేను కిలోమీటర్లు అవతలికి జరిగితే జీతం తగ్గదు, నిద్ర తగ్గుతుంది. నిద్ర లేని మనిషి స్కఫోల్డింగ్ ఎక్కితే ఏమవుతుందో రోజూ చూసే పనిలో ఉన్నాం. మనకు శివారు అంటే జీతం పడని గంటలు.

ఈ ఊరికీ సనయ్యకూ ఉన్న బంధం 2020 మార్చిలో అందరికీ తెలిసొచ్చింది. కరోనా వల్ల ఆ నెల 17న సనయ్యలో 1వ వీధి నుంచి 32వ వీధి దాకా మూసేశారు. తర్వాత విడతలుగా తెరిచారు. గ్యారేజీలు, గోదాములు, వర్క్‌షాపులు, మనుషులు అన్నీ అక్కడే. అది ఆగితే నగరంలో ఎన్ని పనులు ఆగుతాయో అప్పుడు కనపడింది.

చరిత్ర నుంచి చేతికి అందే పని కూడా ఉండాలి కదా. మన బిల్డింగు గోడ మీద నీలం ప్లేటు ఉంటుంది. అందులో జోన్, వీధి, బిల్డింగ్ నంబర్లుంటాయి. సనయ్య జోన్ 57. 999కి ఫోన్ చేసినప్పుడు ఫలానా కంపెనీ క్యాంపు అంటే అంబులెన్స్ వెతుక్కోవాలి. ఆ మూడు నంబర్లు చెబితే నేరుగా వస్తుంది. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు మొదటి రోజే అవి రాయించి ఇవ్వండి. సనయ్య దగ్గర్లోనే హజ్మ్ మబైరీక్ ఆసుపత్రి ఉందని కూడా చెప్పండి. ఇంకోటి, 2017లో వచ్చిన 24వ నంబరు జాతీయ చిరునామా చట్టం ప్రకారం మన అడ్రస్ సర్కారు దగ్గర నమోదై ఉండాలి. ఆ అడ్రస్‌కు వచ్చిన కాగితం మనకు అందినట్టే లెక్క. క్యాంపు మారినప్పుడల్లా మెత్రాష్ యాప్‌లో మార్చుకోవాలి. లేకపోతే నోటీసు పాత గదికి పోతుంది, గడువు దాటిపోతుంది.

కంపెనీ క్యాంపు మారుస్తున్నామన్నప్పుడు గది ఎట్లుంది, ఏసీ ఎట్లుంది అని అడుగుతున్నాం. సైట్‌కు బస్సు ఎంతసేపు అని కూడా అడుగుదాం. సూపర్‌వైజర్లుగా ఆ మాట మీటింగులో ఎత్తాల్సింది ముందు మనమే. పక్క సైట్ క్యాంపు దగ్గరగా ఉంటే మనుషులను సర్దవచ్చు, బస్సు రూటు మార్చవచ్చు, రెండు ట్రిప్పులు వేయవచ్చు. గీతలు గీసేది పెద్దవాళ్లు. ఆ గీత నుంచి సైట్ దాకా పట్టే టైమ్‌లో ఒక అరగంట తగ్గించడం మాత్రం చాలాసార్లు మన చేతిలోనే ఉంటుంది.