కిర్క్‌వాల్ ‘బా’ ఆట: పట్టణ సరిహద్దు, జనస్మృతి – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల ముఖ్యపట్టణం కిర్క్‌వాల్. అక్కడి వీధులలో క్రిస్మస్, నూతన సంవత్సర దినాలలో జరిగే సామూహిక బంతి ఆటను ‘బా’ అంటారు. ఈ ఆట ప్రాచీనతను చాటే కథల కంటే, అది నిలుపుకొన్న పట్టణ విభజనే చరిత్రకారునికి ఎక్కువ ఉపకరిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆర్క్నీ, కిర్క్‌వాల్, జానపద క్రీడ, సరిహద్దు, వంశం, మౌఖిక సంప్రదాయం.

1. ఆట స్వరూపం
పట్టణం నడుమ సెయింట్ మాగ్నస్ కేథడ్రల్ ఉంది. దీని నిర్మాణం 1137లో మొదలైంది. దాని ఎదుట ఉన్న సంత శిలువ వద్ద మధ్యాహ్నం ఒంటిగంటకు బంతిని గుంపులోకి విసురుతారు. బాలుర ఆట అదే రోజు ఉదయం జరుగుతుంది. ఆ తేదీ ఆదివారమైతే ఆట మరునాటికి మారుతుంది. బంతిని తోలుతో చేతికుట్టుగా తయారుచేసి, లోపల బెరడు పొడి కూరుతారు. బరువు సుమారు 3 పౌండ్లు.

ఆడేవారు రెండు పక్షాలు: అప్పీలు, డూనీలు. వీరి పూర్తి పేర్లలో కనిపించే ‘గేట్’ అనే మాటకు ద్వారమని అర్థం కాదు. అది బాట అనే అర్థమున్న ప్రాచీన నార్స్ పదం నుండి వచ్చింది. కాబట్టి వీరు ‘ఎగువ బాటవారు’, ‘దిగువ బాటవారు’. పట్టణపు దక్షిణ కొసన ఉన్న ఒక గోడమూలకు బంతిని తాకిస్తే అప్పీల గెలుపు. ఉత్తరాన రేవు నీటిలో పడవేస్తే డూనీల గెలుపు. లిఖిత నియమాలు లేవు, ఆటగాళ్ల సంఖ్యకు పరిమితి లేదు, ప్రత్యేక దుస్తులూ లేవు. దుకాణదారులు ముందుగానే తలుపులకూ కిటికీలకూ అడ్డుకర్రలు బిగిస్తారు. గెలిచిన పక్షం, తమలో ఏళ్ల తరబడి ఆడిన ఒకరిని ఎంచి బంతిని శాశ్వతంగా ఇస్తుంది. అప్పీలు గెలిస్తే బంగాళాదుంపల పంట, డూనీలు గెలిస్తే చేపల రాబడి బాగుంటాయని ఒక పాత నమ్మకం.

2. మూలకథలు, ఆధారాలు
ఈ ఆట పుట్టుకకు ‘టస్కర్’ కథను చెబుతారు. కోరపళ్లున్న ఈ క్రూరపాలకుణ్ణి ఒక యువకుడు వెంటాడి చంపి, తలను గుర్రపు జీనుకు కట్టుకొని వచ్చాడట. దారిలో కోరపన్ను కాలికి గీసుకొని గాయం విషమించగా, తలను జనంలోకి విసిరి మరణించాడట. కోపించిన జనం దానిని వీధుల్లో తన్నారని కథ. దీనిని చారిత్రక ఘటనగా స్వీకరించడానికి ఆధారం లేదు.

1424లో స్కాట్లండ్ పార్లమెంటు బంతి ఆటను నిషేధించింది. దీనిని ‘బా’ ప్రాచీనతకు సాక్ష్యంగా వాడడం కుదరదు. అప్పటికి ఆర్క్నీ స్కాట్లండ్‌లో భాగం కాదు. డెన్మార్క్-నార్వే రాజు ఆ దీవులను తాకట్టు పెట్టినది 1468లో, స్కాట్లండ్ కలుపుకొన్నది 1472లో. నేటి రూపం స్థిరపడినది 19వ శతాబ్ది మధ్యకాలంలోనే. అంతకుముందు బంతిని ప్రధానంగా కాలితో తన్నేవారు. తరువాతనే అది చేతబట్టి గుంపుగా నెట్టే ఆటగా మారింది. జాన్ రాబర్ట్‌సన్ 1967లో ఈ ఆటపై ప్రత్యేక గ్రంథమే ప్రచురించారు.

3. సరిహద్దు ఒక ఆధారం
ఆట వయస్సు ఇంతేనైతే, అది గీసే సరిహద్దు మాత్రం పాతది. కిర్క్‌వాల్‌లో కేథడ్రల్‌కు దక్షిణభాగం బిషప్ అధికారంలోను, ఉత్తరభాగం ‘బర్గ్’ పేరిట లౌకిక ప్రభువుల అధికారంలోను ఉండేవి. 1689లో స్కాట్లండ్ చర్చిలో బిషప్ వ్యవస్థ రద్దయింది. పాలనలో ఆ విభజనకు అర్థం పోయింది, కాని ఆటలో దాని జాడ నిలిచింది. రెండింటికీ నేరుగా సంబంధం చూపే పత్రం లేకపోయినా, పోలిక ఉపేక్షించదగినది కాదు.

4. పుట్టినచోటు నుండి వంశానికి
పూర్వనియమం సరళమైనది. కేథడ్రల్‌కు ఉత్తరాన పుట్టినవారు డూనీలు, దక్షిణాన పుట్టినవారు అప్పీలు. బయటివారు తొలిసారి ఏ దారిన పట్టణంలోకి వస్తే ఆ పక్షానికి చెందుతారు. 20వ శతాబ్దిలో ప్రసవాలు ఇళ్ల నుండి ఆసుపత్రికి మారాయి. ఆసుపత్రి అప్పీల భాగంలో ఉంది. నియమాన్ని అక్షరాలా పాటిస్తే కొన్ని తరాలకు డూనీలే మిగలరు. ఆ స్థితిలో ఆటగాళ్లు నియమాన్ని వదలి పక్షాలను కాపాడుకొన్నారు. తండ్రితాతలు ఆడిన పక్షమే నేడు ప్రధానమైంది.

ఈ మార్పుకు మూల్యమూ ఉంది. దారిని బట్టి పక్షం నిర్ణయమైనప్పుడు కొత్తగా వచ్చినవానికీ అప్పటికప్పుడే స్థానం దొరికేది. వంశమే కొలమానమైతే అతడు చాలాకాలం బయటివాడే. స్త్రీల విషయంలో ఈ ఎడం మరింత స్పష్టం. 1945 క్రిస్మస్‌కు, 1946 నూతన సంవత్సరానికి స్త్రీల ఆటలు జరిగాయి. ఆ తరువాత కొనసాగలేదు. స్త్రీలు కుటుంబపక్షాన్ని వారసత్వంగా పొందుతున్నా, గుంపులో బంతి కోసం పెనుగులాడేది పురుషులే.

5. ముగింపు
ఇంగ్లండ్‌లో 1835 నాటి రహదారుల చట్టం వీధి బంతి ఆటలను దెబ్బతీసింది. ఆ చట్టం వర్తించని కిర్క్‌వాల్‌లో ఆట మిగిలింది. అయితే చట్టం లేకపోవడమొక్కటే దానిని నిలపలేదు. ఎవరు ఏ పక్షమో తేల్చే పద్ధతిని పట్టణం అవసరాన్ని బట్టి మార్చుకొంటూ వచ్చింది. కనుక జానపద క్రీడల పరిశోధకులు ‘ఇది ఎంత పాతది?’ అనే ప్రశ్నతోనే ఆగక, ‘ఇది ఎవరిని లోపలికి రానిస్తుంది, ఎవరిని బయట నిలుపుతుంది?’ అని కూడా అడగాలి. మొదటి ప్రశ్నకు కిర్క్‌వాల్‌లో కథలే ఎక్కువగా బదులిస్తాయి. రెండవదానికి మాత్రం ఏటా రెండుసార్లు ఆ వీధులలోనే సమాధానం దొరుకుతుంది.