ఉన్మాదమునకు లవణౌషధము

కొన్నినాళ్లు నిద్రాహారములు మాని, ధనము వెదజల్లి, మఱికొన్నినాళ్లు విషాదమున మునిగి మంచము విడువనివారిని మీరెఱుగుదురు. దీనిని గ్రహపీడ యనుకొనువారు గలరు. ఇది బైపోలార్ అను రోగము.

1948లో ఆస్ట్రేలియాదేశమున జాన్ కేడ్ అను వైద్యుడు, అయిదేండ్లుగా ఉన్మాదమున నున్న యొకనికి లిథియమ్ అను లవణము నిచ్చెను. అతడు కోలుకొని, ఇల్లు చేరి, తన పూర్వపు పనిలో ప్రవేశించెను. పిమ్మట మందు మానెను, ఉన్మాదము తిరుగబెట్టెను. మరల మందీయగా అది దేహమున మితిమీఱి విషమై, 1950లో అతడు మరణించెను. రక్తమున మందెంత యున్నదో కొలుచు పరీక్ష అప్పటికి వాడుకలో లేదు.

పేదదేశముల చిక్కంతయు ఈ కథలోనే యున్నదని నా తలంపు. లిథియమ్ ఖనిజలవణము, చౌక, ప్రపంచ ఆరోగ్య సంస్థవారి ఆవశ్యకౌషధముల పట్టికలో గలదు. కాని పల్లెకు రక్తపరీక్ష దూరము. వేసవి చెమటవలనగాని, విరేచనములవలనగాని దేహమున నీరు తగ్గినచో, మందు రక్తమున పేరుకొనును.

మన దేశమున 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమ మారంభమయ్యెను. పిదప బళ్లారి జిల్లాలో, పల్లెల ఆరోగ్యకేంద్రముల వైద్యులకే మానసికచికిత్స నేర్పిరి. మందు చేరువైనది, పరీక్షయు చేరువ కావలెను.

కావున పెద్దలకు నా విన్నపము: కుదుటపడెనని రోగిచే మందు మాన్పింపకుడు. పరీక్షకు తోడిచ్చి పంపుడు. వణకు, వాంతులు, తూలుట కనబడినచో తత్క్షణమే వైద్యునికి చూపుడు.